తొమ్మిదో తరగతి తెలుగు: భావం ముందే చెప్పేస్తే పిల్లలకి రాయడానికి ఏం మిగులుతుంది?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. గుంటూరు దగ్గర ఒక జిల్లాపరిషత్ హైస్కూల్లో కొత్తగా చేరిన తెలుగు స్కూల్ అసిస్టెంట్‌కి (అంటే తెలుగు టీచర్‌కి) తొమ్మిదో తరగతి ఇచ్చారు. 45 మంది పిల్లలు. పద్యం చెబుతుంటే సగం మంది కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. "సొంతమాటల్లో రాయండి" అంటే గైడులో ఉన్నది కామాలతో సహా దించుతున్నారు. సాహిత్యం చెప్పాలా, రాయడం నేర్పాలా, సిలబస్ లాగించేయాలా అని అడిగారు.

మూడూ ఒకటే పని. విడగొట్టి చూడటంతోనే చిక్కు మొదలవుతుంది. నాలుగు రోజులు పాఠం, శుక్రవారం వ్యాసరచన అని పెట్టుకుంటే పాఠంలో రాత ఉండదు, రాతలో పాఠం ఉండదు. పైగా గైడు దించడాన్ని పిల్లల బద్ధకం కింద జమకట్టకండి. క్లాసులో జరిగేది ఏమిటి? మనం పద్యం చదువుతాం, వెంటనే ప్రతిపదార్థం చెబుతాం, భావం బోర్డు మీద రాస్తాం. తర్వాత "ఇప్పుడు భావం సొంతమాటల్లో రాయండర్రా" అంటాం. అప్పటికే భావం టీచర్ మాటల్లో తయారుగా ఉంది. దాన్ని పక్కనపెట్టి పద్నాలుగేళ్ల పిల్ల సొంతమాటలు ఎక్కణ్ణుంచి తెస్తుంది? గైడు చేసేది మన బోర్డు చేసే పనే. కాకపోతే అది అచ్చులో ఉంటుంది కాబట్టి ఇంకాస్త నమ్మకంగా కనపడుతుంది.

అందుకని మొదట మార్చాల్సింది వరస. చదవడం, వెతకడం, నాలుగు వాక్యాలు రాయడం ముందు. భావం ఆఖర్న, అదీ వీలైనంతవరకు పిల్లల నోటివెంటే.

ఊరికే చెబితే తేలదు, ఒక పద్యం పట్టుకుని చూద్దాం. భాగవతం ఎనిమిదో స్కంధంలో వామనుడు త్రివిక్రముడయ్యే చోట పోతన పద్యం అందరికీ తెలిసిందే:

ఇంతింతై వటుడింతయై మఱియు దానింతై నభోవీధిపై
నంతై తోయదమండలాగ్రమున కల్లంతై ప్రభారాశిపై
నంతై చంద్రుని కంతయై ధ్రువునిపై నంతై మహర్వాటిపై
నంతై సత్యపదోన్నతుండగుచు బ్రహ్మాండాంత సంవర్ధియై

పీరియడు 45 నిమిషాలనుకుంటే హాజరు, పుస్తకాలు తీయడం, వెనక బెంచీ గొడవ పోను చేతికి 38 వస్తాయి. ఆ 38నే లెక్కలోకి తీసుకోండి.

మొదటి 5 నిమిషాలు చదవడానికి. రెండుసార్లు చదవాలి. ఒకసారి రాగంతో. రాగం రాకపోతే ఫర్వాలేదు, గురువు (సాగదీసి పలికే అక్షరం) దగ్గర నిలిపి లఘువు (పొట్టి అక్షరం) దగ్గర వదిలేస్తే నడక అదే వస్తుంది. రెండోసారి అర్థం తెగే చోట ఆగుతూ చదవాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: పాదం చివర ఆగుతారు. ఈ పద్యంలో మొదటి పాదం "నభోవీధిపై" దగ్గర అయిపోతుంది, రెండోది "నంతై" అని మొదలవుతుంది. పాదం దగ్గర ఆగారా, పిల్లల చెవిలో "నంతై" అనే కొత్త పదం పుడుతుంది. "నంతై అంటే ఏంటండీ" అని ఎవడో ఒకడు అడుగుతాడు. వాడి తప్పు కాదది. పదవిభాగం చూపించకుండా ప్రతిపదార్థంలోకి దూకితే ఇదే అవుతుంది.

కాబట్టి తర్వాతి 5 నిమిషాల్లో పద్యాన్ని పాదాలుగా కాకుండా ముక్కలుగా బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాయండి. ఇంతింతై / వటుడు ఇంతయై / మఱియున్ తాను ఇంతై / నభోవీధిపైన్ అంతై / తోయదమండలాగ్రమునకు అల్లంతై / ప్రభారాశిపైన్ అంతై / చంద్రునికి అంతయై / ధ్రువునిపైన్ అంతై / మహర్వాటిపైన్ అంతై / సత్యపదోన్నతుండు అగుచు / బ్రహ్మాండాంత సంవర్ధియై. మొత్తం 11 ముక్కలు. వీలైతే కింద నుంచి పైకి రాయండి, నిచ్చెనలాగా. సంగతి సగం అక్కడే తెలిసిపోతుంది.

అర్థాలు ఏడు పదాలకి చాలు: వటుడు (బ్రహ్మచారి), నభోవీధి (ఆకాశం), తోయదం, ప్రభారాశి (వెలుగుల రాశి), మహర్వాటి (మహర్లోకం), సత్యపదం (సత్యలోకం), సంవర్ధి (పెరిగేవాడు). తోయదం అంటే నీళ్లిచ్చేది, అంటే మేఘం అని విడగొట్టి చెబితే జలదం, అంబుదం వచ్చినప్పుడు వాళ్లే చెప్పుకుంటారు. చంద్రుడికీ ధ్రువుడికీ కూడా అర్థాలు రాయించే అలవాటుంది కొన్ని చోట్ల. ప్రతిపదార్థమన్నారు కదా అని తెలిసిన పదానికి అర్థం రాయిస్తే పిల్లలు బుర్ర కట్టేసి చెయ్యి మాత్రమే ఆడిస్తారు.

కథ 3 నిమిషాలు మించకూడదు. బలి దానం, మూడడుగులు, పెరగడం. వామనుడి కథ చెప్పడం మొదలుపెడితే టీచర్‌కీ సరదాగానే ఉంటుంది, పిల్లలూ వింటారు, శుక్రాచార్యుడి కన్ను దాకా వచ్చేసరికి గంట కొడతారు. ఆ రోజు పద్యం చెప్పినట్టు కాదు, కథ చెప్పినట్టు.

ఇప్పుడు వెతికే పని, 10 నిమిషాలు. మొదటి ప్రశ్న లెక్కపెట్టేది: "ఇంత" ఎన్నిసార్లు వచ్చింది, "అంత" ఎన్నిసార్లు వచ్చింది? ఇంత నాలుగు, అంత ఆరు. "ఇంతింతై"ని ఒకటే అని లెక్కేసిన వాళ్లకి ఇంత మూడే వస్తుంది. కాసేపు వాదించుకోనివ్వండి, సంధి విడదీయడం ఆ వాదనలోనే జరిగిపోతుంది. రెండో ప్రశ్న: ఇంత ఎక్కడ అంతగా మారింది? నభోవీధి దగ్గర. మూడోది: ఎందుకు? ఇక్కడ ఒక పిల్లని లేచి నిలబడి "ఇంత" అని చేత్తో చూపించమనండి. చెయ్యి భుజం దాటదు. "అంత" అని చూపించమంటే చెయ్యి పైకి పోతుంది, తల కూడా ఎత్తుతుంది. ఇది, అది, ఇక్కడ, అక్కడ, ఇటు, అటు. తెలుగులో ఇ దగ్గర, అ దూరం. కొలతబద్ద ఏదీ లేకుండా రెండక్షరాలతో కవి కొలత వేశాడు. నాలుగో ప్రశ్న: పద్యంలో సమాపక క్రియ, అంటే వాక్యాన్ని ముగించే క్రియ, ఎక్కడుందో వెతకండి. లేదు. ఐ, అగుచు, ఐ. ఎదగడం ఆగలేదు, వాక్యమూ ఆగలేదు. సమాపక, అసమాపక క్రియల పాఠం వేరే పీరియడుకి వాయిదా వేయనక్కర్లేదు. వ్యాకరణానికి పని పడ్డ చోట చెబితే గుర్తుంటుంది.

తర్వాత 10 నిమిషాలు రాత. ప్రశ్న "భావం రాయండి" అని ఉండకూడదు. "వామనుడు పెరిగిపోతున్నాడని మీకు ఏ మాట వల్ల తెలిసింది?" అని ఉండాలి. అయిదు వాక్యాలకి మించొద్దని గట్టిగా చెప్పండి. మిగిలిన 5 నిమిషాల్లో ఇద్దరు ముగ్గురు చదువుతారు, వాళ్ల మాటల్లోంచే భావం రెండు మూడు వాక్యాలుగా బోర్డు మీద కూర్చండి. అన్ని పద్యాలకీ ఇంత సమయం దొరకదు. పాఠంలో పది పద్యాలుంటే మూడింటికి ఇలా చేసి, మిగతావి జట్లకి పంచి ఒక్కో జట్టు ఒక్కో పద్యాన్ని ఇదే పద్ధతిలో క్లాసుకి చెప్పేలా చేయవచ్చు. మూడుసార్లు చూశాక వాళ్లకి దారి తెలుస్తుంది.

మొదటి రెండు వారాల్లో వచ్చే జవాబు ఇలా ఉంటుంది, ముందే సిద్ధంగా ఉండండి:

"ఈ పద్యంలో పోతన గారు వామనుడు యొక్క పెరుగుదలను కళ్లకు కట్టినట్లు చాలా చక్కగా వర్ణించారు. ఇది ఎంతో అద్భుతమైన పద్యం."

దీనికి తప్పు అని కొట్టేస్తే పిల్లకి ఏం తెలియదు. "కవి పేరు, పాత్ర పేరు తీసేసి ఇంకో పద్యానివి పెట్టి చూడు" అనండి. జవాబు చెక్కుచెదరకుండా సరిపోతుంది. ఏ పద్యానికైనా సరిపోయేది ఈ పద్యానికి జవాబు కాదని వాళ్లకే అర్థమవుతుంది. తర్వాత అడగాల్సింది ఒక్కటే: "ఏ మాట చూసి అన్నావు?" ఏడాది పొడుగునా ఈ ప్రశ్న అరిగిపోయేదాకా అడగాలి. అదే పిల్ల నాలుగో వారానికి రాయగలిగేది ఇది:

"కవి ముందు ఇంత అన్నాడు. ఆకాశం దగ్గరికి వచ్చాక అంత అన్నాడు. చేతికి అందేదాన్ని ఇంత అంటాం, అందనిదాన్ని అంత అంటాం. అంటే వామనుడు చూస్తున్నవాళ్లకి అందకుండా పోయాడు."

నాలుగు చిన్న వాక్యాలు. ఒక్క విశేషణం లేదు. మాట, దానికి ఆధారం, దాన్నిబట్టి తేలింది, మూడూ ఉన్నాయి. పరీక్షలో "అవగాహన, ప్రతిస్పందన" అని పెద్ద పేరు పెట్టి అడిగేది దీన్నే. "యొక్క" దానంతట అదే పోయిందని గమనించండి. "వామనుడి పెరుగుదల" అంటే సరిపోయేదానికి "వామనుడు యొక్క" అని రాయడం తెలుగు నుడికారం కాదు. నోటితో ఎవరూ అలా అనరు, నోట్సులోనే కనపడుతుంది.

ప్రశ్న అడిగాక ఆగడం చాలామందికి చేతకాదు. రెండు సెకన్లు నిశ్శబ్దం వస్తే కంగారుపడి మనమే జవాబు చెప్పేస్తాం. మనసులో ఒకటి నుంచి ఏడు దాకా లెక్కపెట్టండి. అలాగని చేతులెత్తిన వాళ్లనే అడిగితే రోజూ ఆ నలుగురే. ముందు అందరూ రఫ్ నోట్సులో ఒక్క వాక్యం రాయాలి, తర్వాత రోల్ నంబరు ప్రకారం పిలవాలి. రాసుకున్నది చదవడమే కాబట్టి భయస్తులు కూడా లేస్తారు.

కవి పరిచయం గురించి ఒక్క మాట. పుట్టిన తేదీ, బిరుదులు, రచనల జాబితా కంఠతా పట్టించడం పరీక్షకి ముందు వారం చేయవచ్చు. పాఠం మొదట్లో మాత్రం పాఠాన్ని తెరిచే ఒక్క విషయం చాలు. జాషువా 1895లో వినుకొండలో పుట్టాడనగానే మన జిల్లా పిల్లలకి అది బస్సెక్కి వెళ్లొచ్చే ఊరు. "గబ్బిలం" కావ్యంలో గబ్బిలం చేత కాశీలోని శివుడికి కబురు పంపించాడు, మరి హంసో మేఘమో కాకుండా గబ్బిలమే ఎందుకు అని అడగండి. అంటరానివాడని మనిషిని రానివ్వని గుడిలోకి గబ్బిలం వెళ్తుంది కాబట్టి. ఆ ఒక్క సంగతితో కావ్యం తెరుచుకుంటుంది, బిరుదులతో తెరుచుకోదు.

ఛందస్సు దగ్గర తొందరపడి ఉత్పలమాలతో మొదలుపెట్టొద్దు. దాని గణాల వరస "భరనభభరవ" అని పిల్లలు పాటలాగా అప్పజెబుతారు, కొత్త పాదం ఇస్తే గురులఘువులు పెట్టలేరు. ఆటవెలదితో మొదలుపెట్టండి. అందులోనూ రెండో పాదం: అయిదూ సూర్యగణాలే, అంటే న గణమో (మూడు లఘువులు) గలమో (గురువు, లఘువు). "కమల, వనజ" న గణం, "రాణి, బాబు" గలం అని క్లాసులో పేర్లతోనే చప్పట్లు కొట్టించవచ్చు. తర్వాత పాదం వాళ్లచేతే రాయించాలి. "బడికి రాని రోజు బాధ లేదు" అని మీరొకటి వదలండి, నవ్వుతారు, లెక్క వేస్తారు. బడికి, రాని, రోజు, బాధ, లేదు. మొదటి అక్షరం బ, నాలుగో గణం మొదటి అక్షరం బా, యతి (ఆ రెండు అక్షరాల పొత్తు) కుదిరింది. అక్కణ్ణుంచి వేమన "చూడ చూడ రుచుల జాడ వేరు"కి వెళ్తే మంచి పేచీ వస్తుంది. చూ, జా హల్లులు ఒకే వర్గమైనా అచ్చులు కలవవు, మరి యతి తప్పిందా? తప్పలేదు. చూడ, జాడ, రెండో అక్షరం డ కలిసింది, అది ప్రాసయతి. ఆటవెలదిలో దానికి వీలుంది. గణవిభజనలో మామూలుగా పోయే మార్కులు ఒకచోటే: సంయుక్తాక్షరానికి ముందు అక్షరం గురువన్నది మరచి సంయుక్తాక్షరానికే గురువు పెడతారు. "పుణ్య"లో గురువు పు, ణ్య కాదు. పదిసార్లు చెప్పే బదులు చప్పట్లలో ఆ చోట చెయ్యి ఆపించండి.

ఇక రాయడం. రోజూ 5 నిమిషాలు, హాజరు వేసేటప్పుడే. దీనికి మార్కుల్లేవు, దిద్దడం లేదు. రోజుకి అయిదు వాక్యాలు. విషయం ఎంత చిన్నదైతే రాత అంత బాగుంటుంది, కొత్త టీచర్లు నమ్మని మాట ఇది. "మా ఊరు" ఇస్తే "మా ఊరు చాలా అందమైనది" అని వస్తుంది. "పొద్దున ఆరున్నరకి మీ వీధి కుళాయి దగ్గర" అని ఇస్తే బిందెలు, వంతులు, తిట్లు, చెప్పులు వస్తాయి. విజయవాడ పిల్లలకి ప్రకాశం బ్యారేజీ ఇస్తే 70 గేట్లు, 1957, ఆంధ్రకేసరి అని పుస్తకంలోది రాస్తారు. "గేట్లెత్తిన రోజు బ్యారేజీ మీద రెయిలింగు పట్టుకుంటే చేతికి ఏం తెలుస్తుంది" అని ఇవ్వండి. దసరాకి ముందు బీసెంట్ రోడ్డు వద్దు, బీసెంట్ రోడ్డులో ఒక్క చెప్పుల బండి చాలు.

వారానికి ఒకసారి ఆ అయిదు వాక్యాల్లో ఒకదాన్ని తీసుకుని పేరాగా పెంచాలి. ఇదే అసలు రచనా బోధన, ఇక్కడే సమయం పెట్టండి. తొమ్మిదో తరగతి వాళ్ల నోట్సుల్లో మామూలుగా కనపడే తరహా పేరా ఇది:

"గుంటూరు మిర్చి యార్డు చాలా ప్రసిద్ధి చెందినది. ఇది ఆసియాలోనే అతి పెద్దది. ఇక్కడికి ఎంతోమంది రైతులు వస్తారు. అక్కడ వాతావరణం చాలా సందడిగా ఉంటుంది."

ఒత్తులు సరిగ్గానే ఉన్నాయి, వాక్యాలూ సరిగ్గానే ఉన్నాయి. ఎర్ర పెన్ను పట్టుకుంటే దిద్దడానికి ఏమీ దొరకదు, "గుడ్" అని పెట్టి వదిలేస్తాం. కానీ ఈ పిల్లాడు యార్డుకి వెళ్లాడో లేదో పేరా చెప్పదు. మార్జిన్‌లో ప్రశ్నలు రాయండి, మూడంటే మూడే: నువ్వు వెళ్లినప్పుడు మొదట తెలిసింది కంటికా, ముక్కుకా? సందడి అంటే ఏం చప్పుడు, ఎవరిది? ఎంతోమందిని వదిలేసి ఒక్క రైతుని చూపించు. "చాలా, ఎంతో, ప్రసిద్ధి" ఈ వారం నిషేధం. రెండో చిత్తు ఇలా వస్తుంది:

"యార్డు గేటు ఇంకా కనపడనే లేదు, ఆటోలో అందరం తుమ్ముతున్నాం. డ్రైవరు మాత్రం తుమ్మలేదు. లోపల మిర్చి టిక్కీలు (బస్తాలు) నా తల కంటే ఎత్తు పేర్చారు. ఒకాయన టిక్కీ మూతి విప్పించి గుప్పెడు కాయలు తీశాడు. తొడిమ విరిచాడు, గింజ చూశాడు. పక్కన రైతు కాయల్ని చూడట్లేదు, ఆయన మొహాన్ని చూస్తున్నాడు."

రెండో పేరా రాసిన పిల్లాడికి కొత్త పదాలేవీ నేర్పలేదు. ఉన్నవే వాడాడు. అడిగిన ప్రశ్నలు మారాయి. ఇలాంటి జంట పేరాలు రెండు మూడు చార్టు మీద రాసి గోడకి కట్టండి, ముందుదీ తర్వాతదీ పక్కపక్కన, పేర్లు లేకుండా. ఉపన్యాసం కంటే అవి ఎక్కువ చెబుతాయి.

పద్యానికి అడిగిన ప్రశ్నే పేరాకీ అడుగుతున్నామని గమనించారా? అక్కడ "ఏ మాట చూసి అన్నావు", ఇక్కడ "ఏది చూసి అన్నావు". చదవడం, రాయడం ఒకే పని అన్నది అందుకే.

మన వైపు పిల్లల మాట గురించి కూడా చెప్పాలి. "వచ్చిద్ది, పోయిద్ది, చేసిద్ది, అట్టా, ఇట్టా" అని నోటికి వచ్చినట్టే కాగితం మీద పెడతారు. దాన్ని తప్పు అని గీత కొడితే పిల్ల రాయడమే తగ్గిస్తుంది, ఎందుకంటే ఇంట్లో అమ్మ మాట్లాడే భాష అది. వాడుక చోటు చూపించండి: సంభాషణలో, కథలో మనుషుల నోట "వచ్చిద్ది" ఉండవచ్చు, ఉండాలి కూడా. వ్యాసంలో, లేఖలో, పరీక్ష జవాబులో "వస్తుంది" అని రాయాలి. ఒకే సంగతిని అమ్మతో చెప్పినట్టు నాలుగు వాక్యాలు, హెడ్మాస్టరుకి రాసినట్టు నాలుగు వాక్యాలు రాయిస్తే తేడా వాళ్లే పట్టుకుంటారు.

అక్షరదోషాలు వేరే సంగతి. మిగతా సబ్జెక్టులు ఇంగ్లీషు మీడియం అయిన బడుల్లో పిల్లలు తెలుగు రాసేది రోజుకి మీ ఒక్క పీరియడులోనే, కాబట్టి దోషాలు ఎక్కువే ఉంటాయి. అవి కొన్ని గుంపులుగా వస్తాయి. మహాప్రాణాలు పోవడం: అబిప్రాయం, బోజనం, ప్రబుత్వం. ఋకారం పోవడం: ప్రక్రుతి, ద్రుశ్యం. ల, ళ, న, ణ, శ, ష, స తారుమారు కావడం. ఒకేసారి అన్నీ దిద్దితే పేజీ ఎర్రబడుతుంది తప్ప ఏదీ మారదు. పక్షానికి ఒక గుంపు పెట్టుకోండి. ఆ పక్షం మహాప్రాణాలే దిద్దుతారు, మిగతావి కనపడ్డా వదిలేస్తారు. వదిలేయడం మొదట్లో ప్రాణం మీదికి వచ్చినట్టు ఉంటుంది, తప్పదు. ప్రతి పిల్లా నోట్సు ఆఖరి పేజీలో తన తప్పుల జాబితా రాసుకుంటుంది, పది పదాలకి మించకుండా. వరసగా మూడు రాతల్లో సరిగ్గా వచ్చిన పదాన్ని కొట్టేసి కొత్తది చేర్చుకుంటుంది. తప్పు పదాన్ని ఇరవై సార్లు రాయించే శిక్ష వల్ల లాభం తక్కువ. పదో సారికి చెయ్యి రాస్తుంటుంది, కన్ను చూడదు.

దిద్దుబాటు లెక్క వేసుకోకపోతే దసరాకల్లా చేతులెత్తేస్తారు. 45 నోట్సులు, ఒక్కోటి పది నిమిషాలంటే ఏడున్నర గంటలు. ఎవరూ చేయలేరు, అందుకే సంతకం పెట్టి వదలడం అలవాటవుతుంది. తొమ్మిదేసి మంది చొప్పున అయిదు జట్లు చేయండి. సోమవారం మొదటి జట్టు, శుక్రవారం అయిదో జట్టు. రోజుకి 9 నోట్సులు, ఒక్కోదానికి 3 నిమిషాలు, మొత్తం 27 నిమిషాలు, ఒక లీజర్ పీరియడులో అయిపోతుంది. ప్రతి నోట్సులో రాయాల్సినవి రెండే: బాగున్న ఒక వాక్యం కింద గీత, మార్జిన్‌లో ఒక ప్రశ్న. పేరా పెంచే వారం మాత్రం ప్రశ్నలు మూడు. మరుసటి రాతకి ముందు ఆ ప్రశ్నకి జవాబు రాయాల్సిందే, లేకపోతే మీరు అడిగిన ప్రశ్న గోడకి చెప్పినట్టే. మార్కులు వేయాల్సి వస్తే పదికి ఇలా విడగొట్టవచ్చు: పాఠంలోంచో కంటితో చూసినదాంట్లోంచో ఆధారానికి 4, సొంత ఆలోచనకి 3, వాక్యాల పొందికకి 2, అక్షరాలకి 1. అక్షరాలకి ఒకటేనా అని సీనియర్లు కోప్పడతారు. అయిదు పెట్టిన చోట పిల్లలు తెలిసిన పదాలే వాడతారు, తప్పు రాని వాక్యమే రాస్తారు, చివరికి గైడే రాస్తారు.

లేఖ, కరపత్రం, అభినందన పత్రం, సంభాషణ లాంటివి రూపం తెలిస్తే చాలు, ఒక్కోదానికి ఒక పీరియడు ఎక్కువ. లేఖలో స్థలం, తేదీ, సంబోధన, విషయం, ఇట్లు, చిరునామా వరసగా బోర్డు మీద పెట్టి వదిలేయండి. మార్కులు పోయేది రూపంలో కాదు, విషయం ఖాళీగా ఉండటంలో. "మా వీధిలో చెత్త సమస్య తీర్చగలరు" అని ఊరికే రాయకుండా ఏ మలుపులో, ఎన్ని రోజులుగా, ఎవరికి ఏం ఇబ్బందో రాయాలి. దానికి పైన చెప్పిన పేరా పనే ఆధారం.

ఉపవాచకం కథలకి వేరే కిటుకు. సారాంశం అడగకండి, అడిగితే గైడు వస్తుంది. చివరి పేజీకి ముందు ఆపి, తర్వాత ఏమవుతుందో రెండు వాక్యాలు, ఎందుకనుకుంటున్నారో రెండు వాక్యాలు రాయించండి. "ఎందుకు"కి కథలోంచే ఆధారం చూపించాలి. లేదంటే ఒక ఘట్టాన్ని ఇంకో పాత్ర చెప్పినట్టు 60 పదాల్లో రాయించండి, ఆ పాత్ర చూడగలిగినదీ విన్నదీ మాత్రమే రాయాలన్న షరతుతో. ఈ షరతు లేకపోతే అందరూ కథ మొత్తం మళ్లీ చెబుతారు. షరతు పెడితే, వంటింట్లో ఉన్న అమ్మకి వీధిలో జరిగింది తెలియదు కదా అని వాళ్లే కొట్టివేతలు మొదలుపెడతారు.

చదవడమే రాని అయిదారుగురు ప్రతి సెక్షన్లోనూ ఉంటారు. వాళ్లని క్లాసు ముందు నిలబెట్టి చదివించొద్దు. పద్యం వినిపించినప్పుడు అందరితోపాటే వింటారు, ఇంత, అంత వాళ్లూ చూపించగలరు. నోటితో చెప్పిన జవాబుని పక్కవాళ్లు రాసిపెడితే దాన్ని చూసి రెండు వాక్యాలు దించుకోవడం వాళ్ల రాతపని. తమ మాటే కాబట్టి ఆ రెండు వాక్యాలు చదవగలుగుతారు. ప్రార్థనకి ముందు 10 నిమిషాలు వారానికి మూడు రోజులు కేటాయిస్తే ఒత్తులు, గుణింతాలు వాళ్లవరకు విడిగా చూడవచ్చు.

నోట్సు ఇవ్వట్లేదని తల్లిదండ్రులు అడుగుతారు, తనిఖీకి వచ్చినవాళ్లూ అడుగుతారు. ఇవ్వండి, కానీ పిల్లలు రాశాక ఇవ్వండి. పాఠానికి అర పేజీ చాలు: ముఖ్య పదాలు పది, పిల్లలు రాసిన జవాబుల్లో బాగున్నవి రెండు, పరీక్షలో వచ్చే తరహా ప్రశ్నలు మూడు. పరీక్షకి ముందు వారం మామూలు పద్ధతిలో వ్యాసరూప ప్రశ్నలు రాయించి సమయం చూడండి. ఆధారంతో అయిదు వాక్యాలు రాయడం వచ్చిన పిల్లకి ఉపోద్ఘాతం, ముగింపు తగిలించి 12 వాక్యాలు చేయడం నేర్పడానికి వారం చాలు. "మానవుడు సంఘజీవి", "అనాదికాలం నుండి" అనే రెండు ఉపోద్ఘాతాలు మాత్రం ముందే నిషేధించండి, లేకపోతే చెత్త సమస్య మీద లేఖ కూడా అనాదికాలం నుంచే మొదలవుతుంది.

చదవడానికి పుస్తకాలు కావాలంటే విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపులున్నాయి, జనవరిలో పుస్తక మహోత్సవం ఉంటుంది. పిల్లల మాసపత్రికల పాత సంచికలు, కథల సంపుటాలు తెచ్చి అట్టలు వేసి క్లాసులోనే తీగ మీద వేలాడదీయండి. బీరువాలో పెట్టి తాళం వేసిన పుస్తకం ఎవరూ చదవరు. సత్యం శంకరమంచి అమరావతి కథలు చిన్నవి, ఒక్క పీరియడులో ఒకటి చదివి మాట్లాడుకోవచ్చు, పైగా అందులోని కృష్ణ ఒడ్డు మన పిల్లలు చూసిందే. చదివిన పుస్తకం మీద నివేదిక రాయించొద్దు, దాంతో చదవడమే మానేస్తారు. పుస్తకంలో ఒక చీటీ పెట్టండి. చదివినవాళ్లు నచ్చిన ఒక్క వాక్యం పేజీ నంబరుతో ఆ చీటీ మీద రాస్తారు, తర్వాత తీసుకున్నవాళ్లు ఆ పేజీ నుంచే తెరుస్తారు.